బావమరిది రాళ్ళతోట

వాచీల మేస్త్రి నలభై ఏళ్ళు కంటికి భూతద్దం బిగించుకుని పళ్ళచక్రాలు సరిచేసిన మనిషి. కొట్టు మూసేశాక ఆ అద్దాన్ని మొక్కల వైపు తిప్పాడు. ఇంటి మెట్లకు కుడివైపు వాలులో రాళ్ళు పేర్చి, సందుల్లో ఇసుక కలిపిన మట్టి నింపి, ఏటేటా మళ్ళీ పూసే చిన్నచిన్న మొక్కలు పెంచాడు. మా వీధిలో రాళ్ళతోట అనే మాట ఆయనతోనే మొదలైంది.

మొక్కకు ఏ తెగులు వచ్చినా ఆకు తుంచుకుని ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్ళం. చిగుళ్ళు ముడుచుకుని, జిగటగా మారి, చీమలు బారులు కడితే పేనుబంక అనేవాడు. ముందు గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టమని, అప్పటికీ లొంగకపోతే సబ్బునీళ్ళు చల్లమని చెప్పేవాడు. ఆకులు దుమ్ము కొట్టినట్టు పాలిపోతే తెల్లకాగితం మీద దులిపించేవాడు. చుక్కలు నడుస్తూ కనిపిస్తే అది ఎర్రనల్లి. ఆకు అడుగుభాగం కడగకుండా ఎన్ని మందులు కొట్టినా దండగేనని కసిరేవాడు. నత్తలకైతే మందే వద్దనేవాడు. సాయంత్రం తడి గోనెపట్టా పరిచి, పొద్దున్నే దాని కింద చేరినవాటిని ఏరెయ్యడమే.

నాలుగేళ్ళ కిందట ఆయన భార్య తమ్ముడు మేడమీది వాటాలోకి వచ్చి చేరాడు. బస్సు డ్రైవరుగా చేసి మానేసినవాడు, భార్య పోయినవాడు, నోట్లోంచి మాట ఊడిపడదు. పడగొట్టిన ప్రహరీగోడ రాళ్ళు ఒక్కొక్కటే మోసుకొచ్చి, మెట్లకు ఎడమవైపు తనూ ఒక తోట వేశాడు. మొక్కలన్నీ బావ ఇచ్చిన కొమ్మలే. రెండో ఏడు అవి పూసిన పూత చూడాలి! దళసరి ఆకులతో నేలబారుగా పాకే సీడమ్ మొక్కలు రాయన్నది కనపడనీయకుండా పసుపుపచ్చగా కమ్మేశాయి. దారిన పోయేవాళ్ళు గేటు దగ్గర ఆగడం మొదలుపెట్టారు. అందరి చూపూ ఎడమవైపే.

మేస్త్రి పైకి నవ్వుతూ లోపల కుతకుతలాడిపోయాడు. కొమ్మలు నావి, మట్టి కలిపే పాళ్ళు నావి, పేరు వాడికా అని తనలో తాను గొణుక్కునేవాడు. అదంతా ఒక ఎత్తు, భార్య ఒక ఎత్తు. ఇన్నేళ్ళూ సాయంత్రం పూట ఆయన పక్కన కూర్చున్న ఆవిడ ఇప్పుడు పీట ఎడమవైపు వేసుకుంటోంది. ఒకరోజు బట్టలు మడతపెడుతూ, "మా తమ్ముడి చేతిలో ఏదో ఉందండీ" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ ఒక్కమాట ఆయనకు గోట్లో ముల్లులా దిగబడింది.

ఆ మరుసటేడు మొగ్గలు వచ్చే సమయానికి ఎడమవైపు సీడమ్ నడిమధ్యలో పండుబారి వాలిపోసాగింది. ఎవరూ లేనప్పుడు మేస్త్రి ఒక మొక్కను పైకి లాగి చూశాడు. వేళ్ళకు పిండి అద్దినట్టు తెల్లటి పొడి. అద్దం పెట్టుకుంటే ఆ పొడిలో మెల్లగా కదులుతున్న పురుగులు. వేళ్ళకు పట్టే పిండినల్లి. మట్టి పైనుంచి చూసేవాడికి అది దొరకదు. మొక్కను మళ్ళీ పాతి, మట్టి అదిమి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట భోజనం ఎంతో రుచిగా అనిపించిందని తరవాత ఆయనే నాతో చెప్పాడు.

మొక్కలకు దాహమనుకుని బావమరిది ఇంకా నీళ్ళు పోశాడు. అవి ఇంకా కుంగాయి. ఆఖరికి నర్సరీవాణ్ణి అడిగి ఆకుల మీద కొట్టే మందేదో తెచ్చాడు. అది చూసి మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో తనను పెట్టుకుని నర్సరీకి వెళ్తాడా! తెలిసి దాచిపెట్టినవాడు తనేనన్న సంగతి ఆ మంటలో గుర్తే రాలేదు.

పన్నెండోనాడు భార్య ఎండిన మొక్కనొకదాన్ని కాగితంలో పెట్టి తెచ్చి, ఇదేమిటో చూడమంది.

"వేరు పిండినల్లి," అన్నాడాయన.

"అద్దం పెట్టుకోకుండానే చెప్పేశారే. ఎన్నాళ్ళైంది మీకు తెలిసి?"

"పదకొండు రోజులు."

ఆవిడ గొంతు పెంచలేదు. "తోట బాగుందని కాదండీ నేనక్కడ కూర్చునేది. చేతులు మట్టిలో ఉన్నప్పుడే వాడికి నోరు పెగులుతుంది. పోయిన మరదలి గురించి ఆ కాసేపే చెప్పుకుంటాడు."

మేస్త్రి లేచి బయటికి నడిచాడు. బావమరిది మందు కలుపుతున్నాడు. పురుగు వేళ్ళలో ఉందని, తను ముందే చూసి నోరు మూసుకున్నానని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

బావమరిది బకెట్‌లోంచి తల ఎత్తలేదు. "మీరు పీకి మళ్ళీ పాతడం మేడమీంచి చూశాను బావా."

"మరి అడగలేదేం?"

"అడిగితే అబద్ధం చెప్తారేమోనని భయమేసింది."

ఆ తరవాత రెండు రోజులు ఇద్దరూ వంచిన నడుం ఎత్తలేదు. మొక్కలన్నీ పీకి, వేళ్ళకున్న మట్టి దులిపి, ఆ మట్టిని సంచుల్లో మూటకట్టి బయట పారేశారు. వేళ్ళను సబ్బునీళ్ళలో ముంచి, మంచినీళ్ళతో కడిగారు. రాళ్ళ మీద మరిగే నీళ్ళు పోశారు. ఈ పురుగును ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోసేవి చీమలే కనుక వాటి పుట్టలు వెతికి తవ్వేశారు. బతికే ఆశ ఉన్నవాటిని నెల్లాళ్ళు విడిగా కుండీల్లో ఉంచి, వారానికోసారి వేళ్ళు చూసి, కొత్తమట్టిలో నాటారు. నలభైకి పదిహేడు మిగిలాయి. మేస్త్రి తన వైపు కూడా తవ్వి చూసుకుంటే ఎక్కడా తెల్లపొడి లేదు. అంత సిగ్గులోనూ లోపల ఎక్కడో సంతోషం కలిగిందని, దాంతో ఇంకా సిగ్గేసిందని అన్నాడు.

మరుసటేడు జనం కుడివైపు చూశారు. ఈ ఏడు మళ్ళీ ఎడమవైపే. మనసులో కుళ్ళు పోయిందా అని మేస్త్రిని అడిగితే, పోలేదని, పురుగు సంగతి మాత్రం కనపడిన రోజే చెప్పేస్తున్నానని అన్నాడు. మొన్న బావమరిది తోటలో డయాంథస్ పూల రేకుల మీద వెండిగీతలు చూసి, తామరపురుగని అప్పటికప్పుడే చెప్పి, పాడైన పూలన్నీ తనే తుంచేశాడు. బావ కాస్త ఎక్కువే తుంచాడని బావమరిదికి అనుమానం. మేస్త్రి కాదనలేదు.