బహ్‌గత్ బాబాయ్ దురద

బహ్‌గత్ బాబాయ్‌కి కోపం తెప్పించని వస్తువు అలెగ్జాండ్రియాలో ఇంకా తయారు కాలేదు. సముద్రం ఉప్పగా ఉంటుందని కోపం. ట్రాము నెమ్మదిగా పోతుందని కోపం, ఉద్యోగం చేసినన్నాళ్లూ దాన్ని నడిపింది తనే అయినా సరే. చిక్కుళ్లు ఉడికితే మెత్తబడ్డాయని, ఉడక్కపోతే గట్టిగా ఉన్నాయని. బహ్‌గత్ అంటే ఆనందం. ఆ పేరు మీద మరీ కోపం. "మా అమ్మ నా మొహం చూడకముందే పేరు పెట్టేసింది. చూశాకైనా మార్చాలన్న ఇంగితం ఉండక్కర్లా?" అని, ఎప్పుడో పోయిన ఆ తల్లి మీద కూడా విరుచుకుపడేవారు.

నేను కర్ముజ్ పేటలోని గుండె ఆసుపత్రిలో నర్సుని. నా పేరు రావియా. పుట్టుకతో నాది నెమ్మది స్వభావం. ఆయన మా పేషెంటు అయ్యాక పోయింది.

ఆ ఏడాది ఒక కంపెనీవాళ్లు ఎలక్ట్రానిక్ చర్మాన్ని పరీక్షించడానికి మా దగ్గరికి తెచ్చారు. ఉల్లిపొరంత పలచన. మెడ కింద, ఛాతీ మీద అంటిస్తే ఒంటి చర్మంతోపాటే సాగుతుంది, ముడుచుకుంటుంది. లోపల గుండె ఎలా కొట్టుకుంటోందో మా గదిలోని తెర మీద గీతలా కనబడుతుంది. గీత అదుపు తప్పినా, తెగినా గంట మోగుతుంది. మేము వెంటనే ఫోన్ చేస్తాం, అవసరమైతే అంబులెన్సు పంపుతాం. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకి అది అల్లా పంపిన కాపలా.

కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు హైసమ్. చొక్కా మడత నలగని కుర్రాడు. బాబాయ్‌కి పొర అంటిస్తూ, "ఇది ఒంటి మీద ఉన్నట్టే తెలియదండీ" అన్నాడు.

"తెలియనిదాన్ని నేనెందుకు పెట్టుకోవాలి?"

"మీ గుండెని కనిపెట్టుకుని ఉంటుందండీ."

"మా ఆవిడా ఆ పనే చేసింది. ఏం లాభం? నాకంటే ముందు తనే చెప్పాపెట్టకుండా పోయింది!" అని ఒక్క కేక పెట్టారు.

గంట మోగుతుందని మేమంతా చెవులు మూసుకున్నాం. మోగలేదు. తెర మీద ఆయన గీత చేప తిని పడుకున్న పిల్లిలా ఉంది. పొర పాడైందనుకుని హైసమ్ మార్చాడు. మార్చినందుకు బాబాయ్ అరిచారు. కొత్త పొరదీ అదే నిద్ర. మళ్లీ మార్చాడు. "నేను మనిషినా, గోడనా? పోస్టర్లు అంటిస్తున్నావేంటి!" అని ఆసుపత్రి కప్పు లేచిపోయేలా అరిచారు. గీత ఒళ్లు కూడా విరుచుకోలేదు.

అది మొదలు, వచ్చినప్పుడల్లా ఒక ఫిర్యాదు. మెట్లెక్కలేక చచ్చిపోతున్నానని ఓసారి. ఆ మాట అన్నది మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, నన్ను దాటుకుని పైకొచ్చాక. ఫోన్‌లో మేము పంపే అక్షరాలు చీమకాళ్లలా ఉన్నాయని ఓసారి. ఆ అరుపు మధ్యలోనే, గది అవతలి మూలనున్న మందుసీసా మీది తారీఖు కళ్లద్దాల్లేకుండా చదివి, "అది గడువు దాటింది, పారెయ్" అని నాకు పని చెప్పారు. నేను ఫోన్‌లో గొణుగుతానని, ఒక్క ముక్క వినపడదని ఇంకోసారి. అప్పుడు నేను కొళాయి కింద చేతులు కడుక్కుంటూ ఆయన్ని తిట్టుకున్న తిట్టు మాత్రం స్పష్టంగా వినపడింది. "నా వంశం జోలికి పోకు" అన్నారు.

అయినా ఆయన అరిచిందల్లా జరిగింది. ఆ నోరు పడలేక పెద్ద డాక్టరమ్మ పేషెంట్ల గదిని కింది అంతస్తుకి మార్పించారు. అక్షరాలు లావయ్యాయి. నేను ఫోన్‌లో చేపల బజారులో వేలంపాట పాడినట్టు అరవడం నేర్చుకున్నాను.

ఆ తర్వాత దురద పట్టుకుంది.

"కాలిపోతోందయ్యా! ఇది జిగురా, మిరపకాయల ముద్దా?"

"ఒకరిద్దరికి పడదండీ," అన్నాడు హైసమ్. "పడనివాళ్లని పరీక్షలోంచి తీసేస్తున్నాం. జిగురు మార్చాలంటే పనంతా మళ్లీ మొదలెట్టాలి."

"తీసెయ్యడమేంటి? ఒళ్లు మార్చుకొమ్మంటావా? జిగురు మార్చు!"

నాకు ఒళ్లు మండింది. గదినిండా పేషెంట్లు ఎదురుచూస్తున్నారు. "రండి బాబాయ్, చూద్దాం మీ మంట" అని పరదా చాటుకి లాక్కెళ్లి పొర అంచు ఎత్తి చూశాను. కింద చర్మం చంటిపిల్లాడి బుగ్గలా ఉంది.

"ఏదీ దురద? ఎక్కడ మంట? మాకు వేరే పనిలేదనుకున్నారా?" అని అరిచాను.

బాబాయ్ పెదాల మీద వేలు పెట్టుకున్నారు. "నెమ్మదిగా, అమ్మాయ్. అరవకు."

ఆ మాట ఆయన నోట వినగానే, జ్వరమేమోనని నుదురు తాకి చూశాను.

"దౌలత్ చెల్లెమ్మని చూడు. నేను చెప్పానని చెప్పకు" అని గుసగుసలాడారు.

ఆయనకి పొర తిరిగి అంటించి, దౌలత్‌ని పిలిచాను. కుట్టుపని చేసుకుని బతికే పెద్దావిడ. నీడలా వచ్చి నీడలా పోతుంది. నల్లటి పైగుడ్డ జరిపి చూస్తే, పొర చుట్టూ చర్మం పొక్కి రసి కారుతోంది. మంటకి తట్టుకోలేక పొర కింద పాత మల్లుగుడ్డ ముక్క దోపుకుంది. ఆవిడ గీత మాటిమాటికీ ఎందుకు తెగుతోందో అప్పుడు తెలిసింది.

"ఇంత జరుగుతుంటే చెప్పొద్దా అమ్మా?"

"చెబితే తీసేస్తారు కదా తల్లీ. చలికాలంలో వంటింట్లో పడిపోతే మీరు పంపిన మనుషులే తలుపు పగలగొట్టారు. ఇది లేకపోతే నేను పోయినా వాసనొచ్చేదాకా ఎవరికీ తెలియదు." పైగుడ్డ సర్దుకుంది. "ట్రాము స్టాపులో ఏడుస్తుంటే అన్నయ్య చూశాడు. 'నీకు అరవడం రాదు, నాకు అరవడం తప్ప వేరే పని లేదు, నీ దురద నాకిచ్చెయ్' అన్నాడు."

అప్పుడు లెక్క తేలింది. మెట్లు మోకాళ్లరిగిన ముసలాయనవి. అక్షరాలు కంట్లో శుక్లమున్న ఆవిడవి. వినపడనిది పక్కన కూర్చునే చెవిటాయనకి. బాధలు తలొకరివి, నోరొక్కటే.

నేను హైసమ్‌ని పిలిచి, ఆ పుండు గురించి చెప్పాను. అతను చిరాగ్గా తల తిప్పుకున్నాడు. "అయితే ఈవిడని తీసేద్దాం. గుడ్డలు దోపి మా పరీక్షంతా పాడుచేసింది. చదువులేనివాళ్లతో ఇదే గొడవ."

దౌలత్ తల వంచుకుంది. నేనేమన్నానో ఇక్కడ రాయను, మా అమ్మ చదువుతుంది. నా తిట్లు పూర్తికాకముందే గంట మోగింది.

అందరం తెర వైపు తిరిగాం. బహ్‌గత్ గారి గీత పిచ్చిగుర్రంలా ఎగురుతోంది. మనిషి మాత్రం కుర్చీలో నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నారు. మెల్లగా లేచి హైసమ్ ముందు నిలబడ్డారు.

"బాబూ," అన్నారు, వినడానికి మేమంతా ముందుకి వంగాల్సినంత నెమ్మదిగా. "ఆవిడ నీ పొర పాడుచెయ్యలేదు. నీ పొర ఆవిడ ఒళ్లు పాడుచేసింది. క్షమించమని అడుగు."

హైసమ్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఆవిణ్ణి తీసేస్తే నన్నూ తీసెయ్." చొక్కాలో చెయ్యి పెట్టి, తన పొర పీకి అతని అరచేతిలో పెట్టారు. రెండో గంట మోగింది. మోకాళ్ల ముసలాయన లేచి తనదీ పీకాడు. శుక్లాల ఆవిడ పరదా చాటుకి వెళ్లి తీసుకొచ్చింది. చెవిటాయనకి ఏం జరుగుతోందో తెలియకపోయినా, బహ్‌గత్ పక్షాన ఉండటం మంచిదనుకుని లాగేశాడు. గదంతా గంటలే గంటలు. పేషెంట్లందరూ ఒక్కసారే పోయారనుకుని పెద్ద డాక్టరమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు.

వచ్చి దౌలత్ పుండు చూశారు. చూశాక హైసమ్‌తో, "జిగురన్నా మారాలి, లేదా మీరన్నా మా ఆసుపత్రి మారాలి" అన్నారు.

హైసమ్ దౌలత్‌ని క్షమాపణ అడిగాడు. చొక్కా ఒళ్లంతా మడతలే.

కొత్త జిగురు రావడానికి వేసవి దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో దౌలత్‌కి కాపలా ఎవరు? పొద్దున్నే బాబాయ్ ఆవిడ కిటికీ కింద నిలబడి, "చెల్లెమ్మా! బతికున్నావా, లేదా?" అని వీధంతా అదిరేలా అరిచేవారు. ఆవిడ తాడు కట్టిన బుట్టలో వేడి రొట్టె కిందికి దించేది. "నువ్వులు ఎక్కువయ్యాయి!" అని కేకేసి, నములుకుంటూ పోయేవారు.

కొత్త పొరలు వచ్చాయి. దౌలత్ చర్మం మీద చిన్న మచ్చ కూడా పడలేదు. వారం తిరిగాక బాబాయ్‌ది మార్చుదామని కొసపట్టి లాగానో లేదో, పొరతోపాటు ఛాతీ మీది నెరిసిన వెంట్రుకలన్నీ ఊడొచ్చాయి.

"అమ్మో! చచ్చాను! అమ్మాయ్, చంపేశావు!"

గదిలో అందరూ ఆసక్తిగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఈ నొప్పి ఎవరిది బాబాయ్?" అన్నాను.

"నాదే! ఈ ఒక్కటీ నాదే! నమ్మండర్రా!"

మోకాళ్ల ముసలాయన కళ్లు తుడుచుకుంటూ, "మా బహ్‌గత్ ఎంత మంచివాడో చూడండి," అన్నాడు. "ఎవరిదో చచ్చినా చెప్పడు."