పక్కింటామె చేతిలో చీపురు

మొన్న ఆదివారం మా మనవరాలు టీవీలో పాత నలుపు తెలుపు కుటుంబ చిత్రమేదో చూస్తూ, "అవ్వా, ఇంత పెద్ద ఫ్యామిలీలో పనిమనిషి ఒక్కతే నల్లగా ఉండాది, ఏమిటికి? మన మాదిరి మాట్లాడేవాళ్ళు ఒక్కరు కూడా లేరే!" అంది. తానే మొదటిసారి కనిపెట్టినట్టు అడిగింది పాపం. మా ఇంట్లో ఈ అనుమానం యాభైలలోనే పుట్టింది.

అప్పట్లో మేము మైలాపూరులో ఉండేవాళ్ళం. మా మేనత్త కాన్పుల ఆసుపత్రిలో ఆయా. నల్లటి, పొడవాటి మనిషి. మగపిల్లాడు పుట్టాడని వార్డులో చెబితే గేటు బయట నిలబడ్డ తండ్రికి వినపడేంత గొంతు. ఆ గొంతు విని ఒక సినిమా కంపెనీ మనిషి ఇంటికే వచ్చాడు. "కుటుంబ చిత్రమండీ. పక్కింటావిడ వేషం. అచ్చం మీరు మాట్లాడినట్టే మాట్లాడండి, చాలు," అన్నాడు. అత్త మొహం వెలిగిపోయింది. మా అవ్వ మాత్రం ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, "కోడంబాకంలో సినిమాలకు ఆడోళ్ళు కరువా? మనింటికి ఏమిటికి వచ్చినాడు వాడు?" అంది.

"మన మాట కావాలంటమ్మా. సినిమాలో మన మాట! ఇంతవరకు ఎవురన్నా విన్నారా?"

"మన మాటకు నవ్వేవోళ్ళే గదా వాళ్ళు."

షూటింగుకు అవ్వ కాపలాగా బయలుదేరింది, నన్ను వెంటబెట్టుకుని. అక్కడ ఆమె అనుమానించని వస్తువు లేదు. వాళ్ళిచ్చిన కాఫీ వాసన చూసి పక్కన పెట్టేసింది. దీపాల వేడికి రంగుల వాసన, చెమట వాసన కలిసిపోయాయి. అసలే నల్లగా ఉన్న అత్త మొహానికి ఇంకా నల్లరంగు పూశారు. ఆ తర్వాత చేతికి చీపురిచ్చారు. అవ్వ లేచి నిలబడింది. "పక్కింటామె మనింటికొచ్చి చీపురు ఏమిటికి పట్టుకుంటాది?" "సహజంగా ఉంటుందమ్మా," అన్నాడు కంపెనీ మనిషి. అత్త కళ్ళతోనే అవ్వను బతిమాలింది. అవ్వ కూర్చుంది.

సినిమా వచ్చిన రోజు మా వీధి వీధంతా కదిలింది. తెరమీద పెద్ద ఇల్లు, పచ్చటి మనుషులు. అందరిదీ ఒకే పుస్తకంలోంచి వచ్చినట్టున్న మాట. ఆ ఇంటి పనిమనిషిగా వచ్చింది మా అత్త. నోరు తెరిచింది. అందులోంచి ఎవరిదో కీచుగొంతు, మా మాటను వెక్కిరిస్తూ వచ్చింది. తెరమీద పసిబిడ్డ జ్వరంతో మూలుగుతుంటే హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మా వీధివాళ్ళు కూడా నవ్వారు. ఇంటికొచ్చాక అత్త అన్నం ముట్టలేదు. అవ్వ ఆ కంచం మీద మూతపెట్టి, ఆమె పక్కనే పడుకుంది.

మర్నాడు అత్త మళ్ళీ అదే సినిమాకు బయలుదేరింది. అవ్వ కూడా చీర మార్చుకుంది. నేనూ వెళ్ళాను. ఆ ఘట్టం రాగానే అత్త ఆడవాళ్ళ బెంచీల మధ్య లేచి నిలబడి, కీచుగొంతు వినపడకుండా తన గొంతెత్తింది. "అమ్మా, బిడ్డకు జరం కాస్తా ఉంటే ఆడ నిలబడి ఏమి చూస్తా ఉండారు? ఈడికి ఎత్తుకోని రాండి!"

ఎవరూ నవ్వలేదు. ఎక్కడో వెనక ఒక తల్లి తన బిడ్డను దగ్గరికి లాక్కోవడం నాకు కనిపించింది. టార్చి పట్టుకుని హాలు మనిషి పరిగెత్తుకొచ్చాడు. అవ్వ అడ్డంగా నిలబడి, "ఏమి? ఆ నోరు మా బిడ్డది. మాట్లాడకూడదా?" అంది. అతను అత్త మొహం మీదికి వెలుగు వేశాడు. తెరకేసి చూశాడు. టార్చి ఆర్పేసి వెళ్ళిపోయాడు.

మళ్ళీ కంపెనీవాళ్ళు పిలవలేదు. పిలిచినా అవ్వ పంపేది కాదు. ఇప్పటికీ తెరమీద నిండు కుటుంబం కనిపిస్తే నాకు అనుమానమే, ఎవరి నోటికి ఎవరి గొంతు తగిలించారో అని. అత్త మొహం ఆ సినిమాలో ఈనాటికీ అలాగే ఉంది, ముసలితనం కూడా రాకుండా. ఆమె గొంతు విన్నవాళ్ళం మాత్రం ఏటికేడాది తగ్గిపోతున్నాం.