విస్తరి దగ్గర చెప్పిన మాట

మచ్చ బొల్లారంలో చీరకు ఫాల్ కుట్టించుకోవాలన్నా, గంజి పెట్టించి రోలింగ్ చేయించుకోవాలన్నా కాలనీ ఆడవాళ్లు వినోద ఇంటికే వస్తారు. పని బాగుంటుందని కొందరు వస్తే, మనసులో బరువు దించుకుందామని కొందరు వస్తారు. మిషన్ ముందు తల వంచుకుని కూర్చున్న మనిషిని చూస్తే ఎవరికైనా కడుపులో మాట చెప్పబుద్ధవుతుంది కాబోలు. అత్తల ఆరళ్లు, మొగుళ్ల తాగుడు, పిల్లల ప్రేమలు అన్నీ ఆమె చెవిన పడ్డాయి. ఒక్కటీ ఆమె గడప దాటి బయటికి పోలేదు. అట్లాంటి మనిషి తన సొంత సంగతి ఒకే ఒక్కసారి ఒకరికి చెప్పుకోబోయి, చెప్పలేకపోయింది.

ఆమె భర్త బాలేష్ గుండ్లపోచంపల్లి గోదాముల నుంచి సరుకు చేరవేసే డీసీఎం లారీకి డ్రైవర్. నలుగురిని నవ్విస్తూ తిరిగేవాడు. ఒకసారి గంధం రంగు చీర తెచ్చి, ఓనర్ భార్యదని చెప్పి ఫాల్ కుట్టమన్నాడు. ఓనరమ్మ చీర కదా అని వినోద మరీ శ్రద్ధగా కుట్టింది. కొన్నాళ్లకు మేడ్చల్ అంగట్లో అదే చీర ఒకామె ఒంటిమీద కనబడింది. ఆమె బాలేష్ బండి ముందు సీట్లోకి, అలవాటైన దానిలా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంది. వినోద కూరగాయల సంచితో ఉన్నచోటే నిలబడిపోయింది. ఇంటికొచ్చి అన్నం వండింది, ఆయనకు వడ్డించింది, ఏమీ అనలేదు. అంటే ఆయన అటే వెళ్లిపోతాడేమోనని భయం. శ్రీజ అప్పటికి ఇంకా బడికి పోయే పిల్ల. ఇవాళ కాకపోతే రేపు అడుగుదాంలే అనుకుంటుండగానే బాలేష్ గుండె ఆగి పోయాడు.

మూడోనాడు బొందలగడ్డలో పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి, అందరూ దూరం జరిగి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో మనసులో మిగిలిపోయిందని లెక్క. బోటి కూర పెట్టారు, కల్లు పోశారు, బీడీ ముట్టించి పక్కన పెట్టారు. కాకులు సమాధుల మీద కూర్చుని చూశాయే గానీ ఒక్కటీ దిగలేదు. తమ్ముడు వచ్చి అమ్మను మంచిగా చూసుకుంటానని మాటిచ్చాడు. తల్లి వచ్చి, నువ్వు మొక్కిన మొక్కు నేను చెల్లిస్తా కొడుకా అని ఏడ్చింది. అయినా దిగలేదు. ఎండ ముదిరింది. అందరి చూపులూ వినోద మీద పడ్డాయి.

ఆమె వెళ్లి విస్తరి మీదికి వంగి, ఎవరికీ వినబడకుండా చెప్పింది. "నాకు ఎరుకే. గామెను తిట్టను. నిన్ను గుడ తిట్టను. ఇగ పో."

వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసిందో లేదో కాకి దిగింది.

ఏం చెప్పినవని అందరూ అడిగారు. ఆమె నోరు విప్పలేదు. కానీ ఆ రోజు నుంచి ఒక్క ప్రశ్న ఆమెను నిద్రపోనివ్వలేదు. ఆయన విన్నాడా? తనకు అంతా తెలుసని తెలుసుకుని, సిగ్గుపడి, అప్పుడు ముట్టాడా? బతికుండగా అడగలేకపోయిన మనిషి నుంచి ఆ ఒక్క జవాబు కావాలి ఆమెకు.

రెండిళ్ల అవతలి రోజారాణి చీరల పని లేకపోయినా మధ్యాహ్నాలు వచ్చి కూర్చునేది. బాలేష్ పోయిన కొత్తలో వినోదకు బలవంతంగా నాలుగు ముద్దలు తినిపించింది ఆమే. ఒకరోజు మెల్లగా అడిగింది. "అక్కా, ఆనాడు బావకు ఏం చెప్పినవే?" చెప్పాలనే నోరు తెరిచింది వినోద. గంధం రంగు చీర గొంతుకు అడ్డం పడింది. చివరికి, "శ్రీజను మంచిగ సదివిస్త, దాని కాళ్ల మీద దాన్ని నిలవెడ్త అని మాటిచ్చిన" అంది. రోజా కళ్లు తుడుచుకుంది. ఇంత మంచిదాని దగ్గర అబద్ధమాడానే అని వినోద చాలా రోజులు బాధపడింది.

ఆ రోజానే ఆమెను నిరంజన్ దగ్గరికి తీసుకుపోయింది. తూంకుంట దాటి శామీర్‌పేట వైపు పోతే, మామిడితోటలో ఆయన ధ్యానమందిరం. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పేవాడట. స్వామి అనొద్దనేవాడు, కాళ్లు మొక్కనిచ్చేవాడు కాదు, అందరిచేతా అన్నగారు అనిపించుకునేవాడు. పోయినవాళ్ల మాటలు ఆయన నోట వస్తాయని కొందరు, ఒట్టి మోసమని కొందరు టీవీల్లో కొట్టుకునేవారు. ఆయన మాత్రం నవ్వేవాడు. "నన్ను నమ్మొద్దు. కాదని కూడా అనొద్దు. తలుపు తెరిచి పెట్టుకోండి, చాలు." ఆ మాట వినోదకు నచ్చింది.

శ్రీజకు నచ్చలేదు. డిగ్రీకొచ్చిన పిల్ల, ఊరుకుంటుందా. "అమ్మా, ఫోన్ల ఆయన పేరు కొట్టి సూడు, ఎన్ని మోసం ముచ్చట్లు వస్తయో. నీకెందుకే ఈ పరేషానీ?"

"కాకి దిగింది నా కండ్లతోని సూసిన బిడ్డా. గది ఏందో నాకు తెల్వది. తెల్వనిదాన్ని లేదని ఎట్లంట?"

ఆదివారాలు పోయి కళ్లు మూసుకుని కూర్చునేది. నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దం ఆమెకు హాయిగానే ఉండేది. ఎవరూ ఏమీ అడగని చోటు ఆమెకు అదొక్కటే. చివరికి ఒక ఆదివారం నిరంజన్ ఆమె ముందు ఆగాడు.

"బండి నడిపిన మనిషి. ఎడమ కాలి చెప్పు ఊరికే అరిగిపోయేది" అన్నాడు కళ్లు మూసుకుని. నిజమే, ఆ ఎడమ చెప్పు సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన గొంతు తగ్గించాడు. "విస్తరి దగ్గర నువ్వు చెప్పిన మాట విన్నాను అంటున్నాడు."

వినోద రెండు చేతులూ జోడించింది. ఇన్నేళ్లూ ఎదురుచూసింది ఈ క్షణం కోసమే. సిగ్గుపడుతున్నానంటాడా, తప్పయిందంటాడా అని ముందుకు వంగింది.

"బిడ్డను చదివిస్తానన్నావు, దాని కాళ్ల మీద నిలబెడతానన్నావు. ఆ మాట విన్నాకే ముట్టాను అంటున్నాడు. చల్లగా ఉండమంటున్నాడు."

హాల్లో ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. వినోద చేతులు వాటంతటవే విడిపోయాయి. ఆ మాట ఆమె బాలేష్‌కు చెప్పలేదు. ఈ లోకంలో ఒక్క మనిషికి చెప్పింది. ఆ మనిషి వెనక వరసలో కూర్చుని, వినోదకు మేలు జరిగిందని అందరికంటే ఎక్కువగా ఏడుస్తోంది.

కరీంనగర్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డప్పుడు వినోద అడిగింది. "ఆయనకు నువ్వే చెప్పినవు గదా రోజా."

రోజా కొంగు సర్దుకుంది. "వచ్చేటోళ్ల కష్టమేందో ముందుగాల చెప్పుమంటరక్కా. గట్లయితే వాళ్లకు జల్దీ దారి దొరుకుతదంట. నువ్వు నిద్రపోతలేవని, నీ మంచికే చెప్పిన. అన్నీ నేను చెప్పలే. ఆ చెప్పు ముచ్చట నాకే తెల్వది, ఒట్టు."

"నీకు నేను చెప్పింది అబద్ధం. ఆనాడు ఆయనకు నేను చెప్పిన మాట గది కానే కాదు."

రోజా ఆమె వైపు తిరిగింది. "మరి నాకు మా నాయిన చెప్పిన మాటలు? పోయే ముందు ఆయన నా పేరే తలుసుకున్నడని ఈయన చెప్పిండు. గదీ?"

"నిన్ను ఈడికి ఎవరు తోల్కొచ్చిండ్రు?"

"మా వదిన" అంది రోజా, వదిన ముందే ఏమేం చెప్పి ఉంటుందో అప్పుడు తట్టి. వినోదకు జాలేసింది, అంతకంటే ఎక్కువ ఒళ్లు మండింది. బస్సులో ఇద్దరూ వేరువేరు సీట్లలో కూర్చున్నారు.

ఇంట్లో చెప్పు సంగతి వింటే శ్రీజ తేలిగ్గా తీసిపారేసింది. "క్లచ్ తొక్కే డ్రైవర్లందరికి ఎడమ చెప్పే అరుగుతదమ్మా." అయ్యుండొచ్చు అనుకుంది వినోద. కాకి ఎందుకు దిగిందో మాత్రం ఆ పిల్ల చెప్పలేదు, వినోదా అడగలేదు. నిరంజన్ మోసం చేశాడని ఆమె అంతగా కుమిలిపోలేదు, ఆయనెవరో పరాయివాడు. తన నోటికి ముద్ద అందించిన చెయ్యే తన మాటను మోసుకెళ్లి అప్పజెప్పిందే అని కుమిలిపోయింది. రోజా తర్వాత కూడా చీరలు తెచ్చింది. వినోద తీసుకుంది, కుట్టింది, ఇచ్చింది. కూర్చోమని మాత్రం అనలేదు.

పెత్తరమాస నాడు పెద్దలకు పెట్టినట్టే బాలేష్‌కూ బోటి కూర వండి, విస్తరి మిద్దె మీదికి తీసుకుపోయింది. పిట్టగోడ మీద పెట్టి, వెనక్కి జరిగి, గట్టిగా నోరు మూసుకుని నిలబడింది. ఏటా తిట్టనన్న మాటే మళ్లీ ఇచ్చేది, ఈసారి ఏ మాటా ఇవ్వదలచుకోలేదు. ముట్టకపోతే పోనీ.

కాకి వెంటనే వచ్చింది. ఏ బతిమాలుడూ లేకుండా, సొంత ఇంట్లో తిన్నట్టు ముక్క తీసుకుని తినసాగింది.

వినోద దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆనాడు ఆ మాట ఇవ్వకపోయినా దిగేదేనా? మరి ఇన్నేళ్లు పంటి బిగువున మింగిన కోపం ఎవరి కోసం? కడుపులో ఎక్కడో ఉన్న గంధం రంగు చీర ఒక్కసారిగా నోటికొచ్చింది.

"నా చేతులతోని ఫాల్ కుట్టిపిచ్చుకుంటివి గదరా. నీకు సిగ్గెట్ల కాలేదు? ఆమె కట్టుకునే చీరకు నేను కుట్లేస్తుంటే, పక్కన కూసోని చాయ్ తాగితివి. తిట్టనన్న గదా, ఇప్పుడు తిడుత, ఇను." ఏడుస్తూ, ముక్కు చీదుతూ, ఇన్నేళ్లదీ ఒక్కసారే తిట్టింది. కాకి ఒకసారి తలెత్తి చూసి మళ్లీ తినసాగింది.

మెట్ల మీద శ్రీజ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. "ఎవరినమ్మా?"

"మీ బాపును."

శ్రీజ వచ్చి తల్లి భుజం మీద చెయ్యేసింది. వాదించే పిల్ల, ఈసారి మెల్లగా అడిగింది. "ఆయనకు ఇనవడుతదా అమ్మా?"

వినోద కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏమో బిడ్డా, నాకేమెరుక. ఇనవడుతదేమోననే తిడుతున్న."