గుమ్మడికాయ, కోడిగుడ్డు, నాలుగు మార్కులు

రోజారమణి టీచరు మొదటి ధిక్కారం ఆవిడ తొమ్మిదో ఏట, కీసరలో, సండేస్కూల్లో జరిగింది. యెహోషువ మాటకి సూర్యుడు ఆకాశంలో నిలిచిపోయాడని థామస్ మాస్టారు చెబుతుంటే, "సూర్యుడు ఎప్పుడూ నిలబడే ఉంటాడు కదండీ, తిరిగేది మనం కదా" అంది. ఆయన బైబిలు మూసి, "వచ్చే ఆదివారం మీ నాన్నని తీసుకురా" అన్నారు. ఇదే మాటకి యూరప్‌లో ఒక పెద్దమనిషిని చచ్చేదాకా ఇల్లు కదలనివ్వలేదు. కీసరలో పోయింది బైబిలు వాక్యాలు కంఠతా అప్పజెప్పినవాళ్ళకిచ్చే బహుమతి ఒక్కటే. కాబట్టి నాగరికతలో కీసరే ముందుందని ఆవిడ ఇప్పటికీ వాదిస్తుంది.

ముప్పై ఏళ్ళ తరవాత ఆవిడ జగ్గయ్యపేటలో కాపురం ఉంటూ, వత్సవాయి అవతల ఒక హైస్కూలుకి రోజూ స్కూటీ మీద వెళ్ళి సోషల్ చెబుతోంది. తొమ్మిదో తరగతిలో ఆవిడకి ప్రాణమైన పాఠం ఒకటుంది. పాత గ్రంథాల్లో ఉంది కదా అని నమ్మడం మాని, చూసి, కొలిచి, తూచి నమ్మడం యూరప్ ఎలా నేర్చుకుందో, ఒక ఫ్రెంచి తత్వవేత్త అన్నిటినీ అనుమానించుకుంటూ పోయి చివరికి తానున్నాడో లేడో అని కూడా ఎందుకు అడుక్కున్నాడో అందులో ఉంటుంది. పొద్దున స్టడీ అవర్లో ముప్పై రెండు మంది పిల్లలు ముందుకీ వెనక్కీ ఊగుతూ ఆ పాఠాన్ని బట్టీ పట్టేవారు: "గ్రంథములలో నున్నదానిని గుడ్డిగా నమ్మరాదు! గ్రంథములలో నున్నదానిని గుడ్డిగా నమ్మరాదు!" ఎందుకు నమ్మరాదంటే, మెటీరియల్లో అలా ఉంది.

మెటీరియల్ అంటే వెనకబడిన పిల్లలు గట్టెక్కడానికి మండలంలోని టీచర్లు కలిసి రాసిన ప్రశ్నాజవాబుల కట్ట. హైస్కూళ్ళన్నిటికీ అదే వేదం. పేపర్లు దిద్దే కీ కూడా అందులోంచే తీస్తారు. సోషల్ భాగం రాసింది రోజారమణే. రెండు రోజుల గడువు, పొయ్యి మీద కుక్కరు. ఎన్నో విజిలు దగ్గరో గాని, "బరువైన వస్తువే ముందుగా నేలను తాకునని గెలీలియో నిరూపించెను" అని పడిపోయింది. పాపం, ఆ మహానుభావుడు కాదు కాదని మొత్తుకున్న మాట అదే.

ఎవరూ పట్టుకోలేదు. పరీక్షలో ముప్పై ఒక్క మంది పొల్లు పోకుండా అదే రాశారు. మహిమ అనే పిల్ల మాత్రం ఇలా రాసింది: "మెటీరియల్లో బరువైనది ముందు పడుతుందని ఉంది. నేను మా డాబా మీంచి ఇటుకనీ, ఇటుక ముక్కనీ వదిలి చూశాను. రెండూ ఒకేసారి పడ్డాయి. మూడుసార్లు చూశాను."

రోజారమణి మెటీరియల్ తీసి, తను రాసిన వాక్యం తనే చదువుకుంది. తరవాత మహిమకి నాలుక్కి నాలుగు వేసింది. మిగతా పేపర్లన్నిటి మీదా "తప్పు టీచరుది, ఈ ప్రశ్న మళ్ళీ రాయవలెను" అని రాసింది.

హెడ్మాస్టరు బాలసుబ్రహ్మణ్యం గారు మంచివారే. కాగితాన్ని చూస్తే ఆయనకి భయమూ భక్తీ రెండూను.

"ఏంటమ్మా ఇది? కీలో లేని జవాబుకి నాలుగు మార్కులా?"

"కీ తప్పు సార్."

"కీ తప్పెట్టా అవుద్దమ్మా? మెటీరియల్లోంచేగా తీసింది!"

"మెటీరియల్ తప్పు సార్."

"అది రాసింది మీరేగా!"

"అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా."

ఆయన గొంతు తగ్గించారు. "మండలమంతా అదే చదివారమ్మా. ఇప్పుడు తప్పంటే పరువేం కాను? ఆ పిల్లకి సున్నా వేసెయ్యండి. లేకపోతే మార్కుల లిస్టు మీద నేను సంతకం పెట్టను. మీకు మెమో కూడా ఇవ్వాల్సొస్తది."

"ఇవ్వండి. ముందొకసారి బయటికొచ్చి చూడండి."

"చూడ్డం దేనికమ్మా? రాసుంది కదా!"

రోజారమణికి అర్థమైంది. నాలుగు వందల ఏళ్ళ కిందట గెలీలియో దుర్భిణిలో కన్ను పెట్టనన్న పండితులు అంతరించిపోలేదు. బదిలీ మీద ఇక్కడికొచ్చారు.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఆవిడ వంటగదిలోకి వెళ్ళి ఒక గుమ్మడికాయనీ, ఒక ఉడికిన గుడ్డునీ పట్టుకుని మేడెక్కింది. వంటమనిషి జీవరత్నం వెంటపడింది. "మేడం గారండీ, దిష్టి తియ్యడానికైతే బూడిద గుమ్మడికాయండీ! అది రేపటి సాంబార్లోకి!"

పిల్లలందరూ దూరంగా నిలబడ్డారు. హెడ్మాస్టరు గారు వరండాలో ఉన్నారు. రెండూ ఒక్కసారే వదిలింది. ఒక్కటే చప్పుడు. పిల్లల కేకలు బస్సు రోడ్డు దాకా వినపడ్డాయి.

"నేను చూళ్ళేదమ్మా, ఫోనొచ్చింది" అన్నారాయన.

"మళ్ళీ వేస్తా సార్. మీరు చూసిందాకా వేస్తా."

ఇటుకా, ఇటుక ముక్కా పడ్డాయి. ఆయన జెండా కర్ర వంక చూశారు. సుద్దముక్కల డబ్బా, సుద్దముక్కా పడ్డాయి. ఆయన వాచీ చూసుకున్నారు.

ఇంతలో మహిమ ఆయాసపడుతూ మేడెక్కింది. గుప్పెట్లో పక్క చేలోంచి తెచ్చిన పత్తి. "మేడం, ఇటుకతోపాటు ఇది వేద్దామా?"

ఏం జరగబోతుందో రోజారమణికి తెలుసు. కానీ వద్దంటే ఆవిడ కూడా మెటీరియల్ అయిపోతుంది.

"వెయ్యి."

ఇటుక దబ్బున పడింది. పత్తి తీరిగ్గా తేలుతూ వరండా వైపు వెళ్ళి, హెడ్మాస్టరు గారి భుజం మీద వాలింది. దాన్ని మొదట్నించీ చివరిదాకా ఆయన నోరు తెరుచుకుని చూస్తూనే ఉన్నారు.

"చూశారా అమ్మా! ఇటుకే ముందు పడింది! మెటీరియలే కరెక్టు! నా కళ్ళతో నేను చూశా!"

"చూశారుగా సార్, నాక్కావాల్సింది అదే" అంది రోజారమణి, పిట్టగోడ మీద మోచేతులు ఆన్చి.

"సార్," అంది మహిమ, "అదే పత్తిని గట్టిగా నలిపి ఉండ చేసి వేస్తేనో? బరువు అంతే ఉంటది కదా?"

బాలసుబ్రహ్మణ్యం గారు భుజం మీది పత్తి తీసి అరచేతిలో బరువు చూసుకున్నారు. తనే నలిపి ఉండ చేసి, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చి మహిమ చేతిలో పెట్టారు. "ఊఁ, వెయ్యి చూద్దాం."

ఉండ ఇటుక వెనకే, రెప్పపాటు తేడాతో పడింది. ఆయన పిట్టగోడ మీంచి వంగి చాలాసేపు కిందికి చూశారు.

సాయంత్రం లోపల రోజారమణి తప్పు తనదేనని సొంత పేరుతో మండలంలోని హైస్కూళ్ళన్నిటికీ సవరణ పంపింది. మార్కుల లిస్టు మీద హెడ్మాస్టరు గారి సంతకం పడింది. మహిమ నాలుగు మార్కులూ నాలుగుగానే ఉన్నాయి. లిస్టుతోపాటు మెమో కూడా వచ్చింది, గుమ్మడికాయ నిమిత్తం. ఆవిడ నిలబడే వివరణ రాసి ఇచ్చేసింది:

"గుమ్మడికాయయు గుడ్డును ఒకేసారి నేలను తాకినవి. అనుమానమున్నచో మరల వేసి చూపగలదానను."