గొడుగు మార్కు పళ్లపొడి

మొన్న ప్రొద్దుటూరులో మాత్రల కోసం మందుల అంగడికి పోతే, అద్దాల అల్మరాలో ఎర్రటి పళ్లపొడి డబ్బా మీద గొడుగు బొమ్మ కనిపించింది. కింద సన్నటి అక్షరాల్లో ఎక్కడిదో దూరపు కంపెనీ పేరుంది. ఆ గొడుగు ఒకప్పుడు మా మేనమామదని పక్కనున్న మనవరాలికి చెప్పబోయి, చెబితే మొత్తం చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను.

వేళ్లతో పళ్లు తోముకున్న మన తరంవాళ్లకు చెబితే అర్థమవుతుంది. మామ ఇంటి వెనక రేకుల షెడ్డులో పొడి తయారుచేస్తే, నేను జమ్మలమడుగు, రాజుపాలెం, వేముల ఊళ్లన్నీ తిరిగి అంగళ్లకు వేసి వచ్చేవాణ్ణి. చదువురానివాళ్లు బొమ్మ చూసి కొనేవాళ్లు కాబట్టి, ఎవరో పుట్టగొడుగు లాంటి బొమ్మతో నకిలీ పొట్లాలు దించగానే మామ మద్రాసు పోయి గుర్తును రిజిస్టరు చేయించాడు. ఒకటే బొమ్మను ఒకటే తీరుగా వాడాలనీ, ఏళ్ల తరబడి వాడకుండా వదిలేస్తే ఎవరైనా దాన్ని రిజిస్టరులోంచి కొట్టేయించవచ్చనీ అక్కడి వకీలు చెప్పిన మాట మామకు వేదమైపోయింది. గొడుగు పిడి కాస్త వంకర పోయినా కట్టలకు కట్టలు ప్రెస్సుకు తిప్పి పంపేవాడు. నాకు పిల్లను చూసినప్పుడు కూడా ఆయన అంత పట్టిపట్టి చూడలేదు.

అట్లాంటి రోజుల్లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మావైపు పార్టీ అంటే జెండా కాదు, కత్తులు దూసుకునే వర్గం. సింహాద్రిపురం అవతల ఒక ఊళ్లో ఒక వర్గానికి గొడుగు గుర్తు వచ్చింది. మా సరుకు అమ్మే భాయి అంగడేమో రెండో వర్గం వీధిలో ఉంది. మామకూ ఆయనకూ ఏనాటి నుంచో స్నేహం. ఆ ఊళ్లకు కొన్నాళ్లు వేరే బొమ్మ వేద్దామని నేనంటే మామ ఒప్పుకోలేదు.

"గుర్తు మనదిరా. ఎలచ్చన్లు అయిపోతానే వాళ్లు ఇడిసేస్తారు. మనం ఇడిస్తే మల్లా రాదు."

మామ మీద గౌరవం కొద్దీ భాయి కాదనలేక పొట్లాల దండను ఎప్పటిలా ముందరే వేలాడదీశాడు. పోలింగుకు ముందే అంగడి తగలబడింది, భాయి కుడిచేతి మీద వేటు పడింది. పులివెందుల ఆసుపత్రిలో పోలీసులు అడిగితే, గడ్డి కోస్తుంటే కొడవలి జారిందని చెప్పాడు. అంగడి ఎట్లా కాలిందో తనకు తెలియదన్నాడు. గాయం మానింది గానీ ఆ చేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

భాయిని చూసి ఆసుపత్రి నుంచి వచ్చిన మామ ఆ తర్వాత ఒక్క పొట్లం మీద కూడా గొడుగు వేయించలేదు. ఎన్నికలు ముగిసి ఆ గుర్తుతో ఎవరికీ పని లేకపోయినా దాని జోలికి పోలేదు. బొమ్మలేని పొడిని జనం గుర్తుపట్టక అమ్మకం నానాటికీ పడిపోయింది. చాలా ఏళ్లకు బయటి కంపెనీ ఒకటి, వాడకంలో లేని గుర్తు కాబట్టి కొట్టేయమని అర్జీ పెట్టుకుంది. తప్పనిసరి కారణంతో ఆపామని రుజువు చేస్తే చట్టం మన్నిస్తుందనీ, దెబ్బతిన్న అంగడాయన వచ్చి సాక్ష్యం చెబితే చాలనీ వకీలు అన్నాడు. భాయిని ఒక మాట అడిగి చూద్దామని నేను ఎంతో ఆశపడ్డాను. మామ తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"సాక్ష్యం చెప్పి ఆయప్ప మల్లా ఆ ఊర్లోకే పోవాల గదా సార్. గుర్తు పోతే పోనీ."

గుర్తు పోయింది. దాని వెనకే షెడ్డు కూడా మూతపడింది. మామ తన జీవితమంతా పోసి నిలబెట్టుకున్నది అది ఒక్కటే. భాయి మాత్రం చివరిదాకా ఎవరడిగినా కొడవలి జారిందనే చెప్పాడు. ఆయనా లేడు, మామా లేడు. నరికినవాళ్ల మనవళ్లూ, వాళ్ల పగవాళ్ల మనవళ్లూ ఇప్పుడు ఒకే కాలేజీ బస్సులో పోతున్నారు. ఈనాడు ఆ నిజం నడిబజారులో నిలబడి చెప్పినా ఎవరూ నన్ను ఏమీ అనరు. కాకపోతే అది ఎవరికీ అక్కరలేదు.