ఇటుకల బాటలో ఆయన ఎదురొచ్చిన రోజులు

ఈ అనుభవం రాయమని చర్చి సంఘంలోని వాళ్ళు అప్పుడే అడిగారు. అప్పటికి నాకు అక్షరాలు రావు. "నువ్వు చెప్పు, మేం రాస్తాం" అన్నవాళ్ళూ ఉన్నారు. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఇంకొకరి చేత ఎలా రాయించను? నలభై దాటాక, ఆసుపత్రి మంచం మీద ఓనమాలు దిద్దాను. అందుకే ఇంత ఆలస్యం.

మాది నేతపని. ఒక ఉదయం ఆయన మగ్గం గుంటలో కూర్చుని దగ్గారు. సగం నేసిన తెల్ల చీర మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. చీర పాడైందే అని ఆయన కంగారు. నేను కొంగుతో ఆయన మూతి మీది నెత్తురు తుడిచాను.

బెజవాడ గవర్నర్‌పేటలో ఒక డాక్టరు గారు చూసి, కాలువ గట్టున ఉన్న మిషన్ ఆసుపత్రికి పంపారు. అక్కడ కఫం తీసుకుని స్పుటమ్ పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. దొరసాని డాక్టరమ్మ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసింది.

"టీ.బీ. ఎడమ లంగ్‌లో కేవిటీ, అంటే గుల్ల పడి ఉంది. ఏ.పీ. ఇస్తాను. అంటే, సూదితో గాలి పెట్టి ఆ లంగ్‌ను పడుకోబెడతాను. మిగిలింది రెస్టు, ప్రార్థన." నావైపు తిరిగి, "నీకు కూడా ఎక్స్‌రే తీయాలి" అంది.

"ముందు ఆయనకు నయం కానీయండమ్మగారూ" అన్నాను.

నాకూ ఉందని తేలితే ఆడవాళ్ళ వార్డులో వేస్తారు. ఇక ఆయన ముఖం కనబడదు. నా భయమంతా అదే.

ఆయన మంచం వరండాలో వేశారు. దగ్గరగా కూర్చోకూడదు. చేయి పట్టుకోకూడదు. గంజి గిన్నె స్టూలు మీద పెట్టి వెనక్కి వచ్చేయాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేము అంత దూరంగా ఎప్పుడూ లేము.

వేసవి దాటేసరికి జ్వరం తగ్గింది. కొంచెం నడవవచ్చన్నారు. వరండా ఎదుట, ఇటుకలు వరసగా పాతి చుట్లు చుట్లుగా చేసిన ఒక సన్నని బాట ఉండేది. దొరసాని గారి దేశంలో ఒక పాత చర్చి నేల మీద అలాంటిది ఉందట. ప్రార్థన చేసుకుంటూ మధ్యకు నడిచి, అక్కడ కాసేపు ఆగి, మళ్ళీ బయటకు వస్తారట. ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పే ఏలీశమ్మ గారు రోగులను అందులో నడిపించేవారు.

దాన్ని చూడగానే ఆగిపోయాను. మా అమ్మ వేసే పద్మవ్యూహం ముగ్గు అచ్చం అదే.

"వద్దండీ. అందులోకి వెళ్ళిన అభిమన్యుడు బయటికి రాలేదు" అని ఆయన్ను ఆపాను.

ఏలీశమ్మ గారు నవ్వారు. "బాప్తిస్మం పుచ్చుకుని కూడా ఇంకా అభిమన్యుడేనా తల్లీ? ఇందులో తప్పిపోవడానికి రెండో దారే లేదు. వెళ్ళిన దారినే రావడం."

"మన మగ్గంలో నూలు మోసే నాడె చేసే పనే కదే" అన్నారాయన. "ఈ అంచుకు పోతుంది, ఆ అంచుకు తిరిగొస్తుంది. తిరక్కపోతే బట్టెక్కడిది?"

ఆయన ముందు వెళ్ళారు, కాసేపటికి నేను. ఆ బాట చిత్రమైనది. మధ్యకు వచ్చేశామనుకుంటే చివరి అంచుకు తోసేస్తుంది. ఆయన అటు తిరిగితే నేను ఇటు తిరిగేదాన్ని. కొన్ని మలుపుల్లో మా ఇద్దరి మధ్య ఒక్క ఇటుక వెడల్పే. ఆరుబయట, నడుస్తూనే కదా అని డాక్టరమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది.

"ఏమండోయ్, ఎందాకా ప్రయాణం?" అనేవారు నన్ను దాటుతూ.

"ప్రార్థన చేసుకోండి ముందు."

"చేస్తూనే ఉన్నానే. దేవుణ్ణి పిలిస్తే మలుపు మలుపుకూ నిన్ను పంపిస్తున్నాడు, నేనేం చెయ్యను?"

వానలు పట్టాక జ్వరం తిరగబెట్టింది. "లంగ్ చుట్టూ ఫ్లూయిడ్, నీరు చేరింది. ఏ.పీ. ఇక ఇవ్వలేను" అంది డాక్టరమ్మ. ఆయన లేవలేకపోయారు. "నా వంతు కూడా నువ్వే నడువు. నేను చూస్తుంటా" అన్నారు. రోజూ నడిచాను. నేను ఎటు తిరిగితే ఆయన చూపు అటు తిరిగేది.

ఒక మధ్యాహ్నం మధ్యకు చేరి, చేతులు జోడించి, వరండా వైపు చూశాను. ఆయన తల పక్కకు వాలి ఉంది. కళ్ళు నన్ను చూడడం లేదు. బాట చుట్టూ తిరిగి రావడానికి నేను ఆగలేదు. ఇటుకలు తొక్కుకుంటూ అడ్డంగా పరుగెత్తాను. వెళ్ళినవాళ్ళు రాలేరని భయపడినదాన్నే, ఆ వరసలన్నీ దాటడానికి నాకు క్షణం పట్టలేదు. అప్పటికే అయిపోయింది. అప్పుడు ఆయన చేయి పట్టుకున్నాను. ఎవరూ వద్దనలేదు.

తర్వాత నాకూ కుడి లంగ్‌లో మచ్చ కనబడింది. మచ్చ చిన్నదిగా ఉన్నప్పుడే పట్టుకోబట్టి, చాలాకాలం రెస్టులో ఉంచి నయం చేశారు. ఇప్పుడు దగ్గు లేదు. మగ్గం ఎక్కే శక్తీ లేదు. ఆసుపత్రి దుప్పట్లకు అంచులు కుట్టుకుంటూ ఇక్కడే ఉంటున్నాను. సాయంత్రాలు బాటలో నడుస్తాను. చాలాసార్లు ప్రార్థనకు మాటలు రావు. ఊరికే నడిచి వస్తాను.

చదివేవారికి ఒక్కటి చెబుతాను. ఇంట్లో ఒకరికి ఈ జబ్బని తేలితే, సేవ చేసేవాళ్ళు కూడా ఆ రోజే పరీక్ష చేయించుకోండి. దూరమవుతామని ఆగకండి.

ఆయన్ను సమాధి చేసిన మర్నాడు ఉదయం స్నానం చేసి, తడి జుట్టుతోనే వెళ్ళి ఎక్స్‌రే గది ముందు నిలబడ్డాను. కాంపౌండరు తలుపు తీశాడు.

"ఎవరి తాలూకమ్మా?"

"ఎవరి తాలూకూ కాదయ్యా. నాకే తియ్యి" అన్నాను.