ఆ శుక్రవారం రొట్టె తిన్నదెవరు

నేను దయ్యాలను నమ్మను. ఇది మాటవరసకు అనడం లేదు. సువార్త పనిలో ఉన్నదాన్ని కాబట్టి, దయ్యం పట్టిందని మా దగ్గరికి తీసుకొచ్చిన ఆడవాళ్ళను చాలామందిని చూశాను. సగం మందికి కడుపునిండా తిండి ఉండదు. మిగతావాళ్ళకు మొగుడి చేతి దెబ్బలు. ప్రార్థన చేసి, ఇంత గంజి తాగించి, ఆ మొగుణ్ణి నాలుగు తిట్టి పంపిస్తే దయ్యం దానంతట అదే పోయేది. దర్శనాలయ్యాయి, స్వరాలు వినిపించాయి అనేవాళ్ళన్నా నాకు చిరాకే.

అట్లాంటి నాకు ఇది జరిగింది. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు.

మాది గద్వాల. ఏడో తరగతిలో బడి మానేసి పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పనికి పోయినదాన్ని. సాయంత్రం మొగ్గలు ఒలవడం, మరునాడు పొద్దున వాటికి పుప్పొడి రాయడం, ఇదే క్రాసింగ్ అంటే. మా ఆయన పోయాక మా సంఘం పాస్టరు, మేం అయ్యగారు అంటాం, నన్ను సేవలోకి పిలిచారు. నాకు చదువు రాదు కదా అంటే, "ప్రభువుకు నీ చదువుతోని పనిలేదమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్ళాను. ఆయన్ను కన్నతండ్రిలాగా నమ్మాను.

నాకు అప్పగించింది అయిజ దారిలో ఒక ఊరు. పొద్దున లేస్తే చేనుకు పోయే ఆడవాళ్ళకు చర్చికి వచ్చే తీరిక ఎక్కడిది? అందుకని శుక్రవారం మధ్యాహ్నం, వాళ్ళు సద్ది విప్పే వేళకు నేనే చేనుకు పోయేదాన్ని. గట్టు మీద కూర్చుని ఒక పాట, ఒక వాక్యం, చివర ప్రార్థన.

కానీ బైబిలు తెరిస్తే నాకు చెమటలు పట్టేవి. పెద్ద పెద్ద పేర్లొస్తే నాలుక తిరిగేది కాదు. వాళ్ళు పాపం ఏమీ అనేవాళ్ళు కాదు, అది నాకు ఇంకా సిగ్గు. వీళ్ళకు నాకంటే మంచి మనిషి దొరకాల్సింది అని ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అయ్యగారి దగ్గర చెప్పుకున్నాను. "నాతోని కాదయ్యగారూ. నాకోసం ప్రార్థన చేయండి" అన్నాను. మాలో దాన్ని ప్రార్థన మనవి అంటారు. అయ్యగారి చెవిన వేసిన మాట దేవుడి దగ్గరికే పోతుందని మా నమ్మకం. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

కొద్దిరోజులకే వనపర్తిలో సేవకుల కూడిక పెట్టారు. అది శుక్రవారం. "ఈ వారం చేనుకు పోకు, తప్పకుండ రావాలె" అని అయ్యగారే ఫోన్ చేశారు. వెళ్ళాను.

అక్కడ ఆయన మైకు తీసుకుని, "మన సుగుణమ్మ కోసం అందరం భారంగ ప్రార్థన చేద్దాం. ఈ సేవ నాతోని కాదని నా దగ్గర ఏడ్చింది" అన్నారు. హాలంతా కళ్ళు మూసుకుని, నా పేరు పెట్టి, నా చేతకానితనం గురించి ప్రార్థించింది. ఆమెన్ అన్నాక బైబిలు కాలేజీలో చదివొచ్చిన ఒక అబ్బాయిని నిలబెట్టి, వచ్చే నెల నుంచి ఆ ఊరికి ఈ బ్రదర్ పోతాడని చెప్పారు. ఆ అబ్బాయి అయ్యగారి మేనల్లుడని పక్కనున్నామె నా చెవిలో చెప్పింది.

పుండు చూపించి మందడిగితే, వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించినట్టయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. భోజనాలకు కూర్చున్నానే గానీ ఒక్క మెతుకు ముట్టలేదు. మనసులో ఆ అబ్బాయిని, వాడి మేనమామను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ కూర్చున్నాను. అప్పుడు తీసిన ఫోటో ఇప్పటికీ మా వాట్సాప్ గ్రూపులో ఉంది. ఆకుపచ్చ చీరలో నేను, నా ముందు ముట్టని విస్తరి.

తిరుగు బస్సులో బీచుపల్లి వంతెన దాటుతుంటే నోరు మండడం మొదలైంది. పచ్చిమిరపకాయ కొరికితే ఎట్లా ఉంటుందో అచ్చం అట్లాగే. ఏడ్చి ఏడ్చి పైత్యం చేసిందేమో అనుకున్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, అయినా రాత్రి దాకా ఆకలి కాలేదు. అది కూడా అప్పుడు పట్టించుకోలేదు.

తర్వాతి శుక్రవారం, ఇక నేను రానని ఆ ఆడవాళ్ళకు చెప్పి వద్దామని చేనుకు వెళ్ళాను. వాళ్ళలో పెద్దది దేవమ్మ. ఒకప్పుడు నేను, ఆమె ఒకే సాలులో పనిచేసినవాళ్ళం. "పోయినవారం రాలేకపోయిన పెద్దమ్మా" అన్నాను.

ఆమె నవ్వింది. "ఏందే, తమాషా చేస్తున్నవా? గీ గట్టు మీదనే కూసుంటివి గదా! నా జొన్నరొట్టె తింటివి. మిరపకాయ తొక్కు కారమైందని కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని చెంబెడు నీళ్ళు తాగితివి. మర్శినవా?"

మిగతావాళ్ళను అడిగాను. అందరిదీ అదే మాట. విత్తనాల కంపెనీ మనిషి చేను చూడ్డానికి వచ్చిన రోజట, ఎవరూ రోజు మరిచిపోలేదు. ఆకుపచ్చ చీర కట్టుకున్నానట. ఫోన్లో ఫోటో చూపిస్తే, "మరి గీడికెప్పుడు పోయినవ్?" అని వాళ్ళే నన్ను అడిగారు.

"నేనేం చెప్పిన పెద్దమ్మా?" అన్నాను. అడగడానికే భయమేసింది.

"బైబిల్ తెరువనే లేదు. నాతోని కాదు ప్రభువా, అయినా వచ్చిన అన్నవ్. మమ్మల్ని గూడ గట్లనే అనమన్నవ్. ఎన్నడు నోరు తెరువనోళ్ళు గూడ గా రోజు ప్రార్థన చేసిండ్రు. కొత్త పిలగాడొకడు వస్తడు, ఆకలితోని పంపకుండ్రి అని గూడ చెప్పినవ్."

నాకు సంతోషమైందని మీరనుకోవచ్చు. లేదు, కోపమొచ్చింది. నమ్ముకున్న అయ్యగారు నా చోటు ఇంకొకరికి ఇచ్చాడు సరే, నమ్ముకున్న ప్రభువు కూడా నా బదులు ఇంకెవరినో పంపాడా? పైగా ఆ వచ్చిన మనిషి నాకంటే మంచిది. నేనక్కడ తిట్టిపోస్తున్న అబ్బాయికే ఆమె ఇక్కడ అన్నం పెట్టమంది. రానని చెప్పడానికి పోయినదాన్ని, ఆ మాట నోట రాలేదు. వాళ్ళు రొట్టె పెడితే తిని వచ్చాను.

కొత్త బ్రదర్ కొన్ని వారాలు వచ్చాడు. సాయంత్రం హాల్లో కూడుకోవాలన్నాడు. మొగ్గలు ఒలిచే వేళకు ఎవరొస్తారు? మెల్లగా మానుకున్నాడు. ఎవరూ పంపకపోయినా నేను మాత్రం శుక్రవారం శుక్రవారం పోతూనే ఉన్నాను.

ఆ శుక్రవారం సంగతి ఎట్లా తెలిసిందో గానీ అయ్యగారు ఫోన్ చేశారు. "గొప్ప సాక్ష్యమమ్మా, సభల్లో మైకుల చెప్పాలె" అన్నారు. ఆ గొంతులో ఏ తప్పూ చేసిన జాడ లేదు. "ఒక్కసారి మీ చెవుల ఒక మాట వేసిన అయ్యగారూ, అది మైకులకెల్లి బయటికొచ్చింది. ఇది మాత్రం ఇయ్య" అని ఫోన్ పెట్టేశాను.

వచ్చింది దేవదూతే అని కొందరంటారు. దేవదూతకు తొక్కు కారమవుతుందా? అయిందే అనుకోండి, బస్సులో నా నోరెందుకు మండాలి? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

చదివేటప్పుడు నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. కానీ మునుపటిలాగా ఏడుపు రాదు. "నాతోని కాదు ప్రభువా, అయినా వచ్చిన" అని మొదలుపెడతాను. నా ప్రార్థన నేను దేవమ్మ నోట విని నేర్చుకున్నాను. అన్నప్రతిసారీ ఒక్కటే గుర్తొస్తుంది. ఆ మాట ఆ గట్టు మీద మొదట వినబడ్డ రోజు నేను రాలేదు, నన్ను రానివ్వలేదు. మరి వచ్చి ఆ రొట్టె తిన్నదెవరో నాకు ఈనాటికీ తెలియదు.